నౌపడ–గుణుపురం రైలుదారి: ఒక జమీందారీ పెట్టుబడి, రెండు రాష్ట్రాల జీవనం

పర్లాకిమిడి అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు. 1880లో అక్కడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిన ఆయన, సవర భాషకూ వ్యావహారిక భాషోద్యమానికీ చేసిన సేవ సుపరిచితమే. అయితే ఆ పట్టణంలోని తెలుగువారి జీవనాన్ని మలచిన శక్తులలో భాషతోపాటు ఒక చిన్న రైలుదారికి కూడా చోటు ఉన్నదని మేము భావిస్తున్నాము. ఈ వ్యాసంలో దాని ఆర్థిక ప్రయోజనాన్ని పరిశీలించదలచాము.

ఈస్టు కోస్టు రైల్వే 1893–96 మధ్య తీరం వెంబడి ఏర్పడింది. దానితో ఉప్పుకొఠార్లకు పేరుపొందిన నౌపడ మద్రాసు, కలకత్తా మార్గంలో ఒక స్టేషను అయింది. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పర్లాకిమిడి మాత్రం ఆ దారికి సుమారు 40 కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. పెద్ద రైలుదారి పడినప్పుడు దానికి దగ్గరి ఊళ్లు పెరగడం, ఎడంగా ఉన్న పాత వర్తకకేంద్రాలు వెనుకబడడం అనేకచోట్ల జరిగినదే. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి 1898లో తన రాజధానిని నౌపడతో కలపడానికి ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలతో వేసిన ఈ దారిపై 1900లో రాకపోకలు మొదలయ్యాయి.

తొలి సంవత్సరాలలో ఈ రైలు నష్టంలోనే నడిచింది. 1910 తరువాత స్వల్పంగా లాభాలు కనిపించాయి. 1924–25 తరువాత అవి పెరిగాయి. ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. పదేళ్లపాటు నష్టం వచ్చిన పెట్టుబడిని ఎందుకు నిలబెట్టారు? టిక్కెట్ల సొమ్ము, సరుకు కిరాయి మాత్రమే చూచుకొనే వ్యాపార సంస్థకు నష్టం నష్టమే. జమీందారుకు అలా కాదు. రైలు వచ్చినందువల్ల ధాన్యానికి దూరపు బజారు దొరికితే రైతుకు శిస్తు కట్టే శక్తి పెరుగుతుంది. సంతలు కళకళలాడితే ఆ రాబడిలో ఎస్టేటుకూ భాగం ఉంటుంది. అంటే రైలు పద్దులో కనబడని ప్రయోజనం భూమి పద్దులో కనబడే అవకాశం ఉన్నది. రవాణా పెట్టుబడిని దాని సొంత ఆదాయంతో మాత్రమే తూచరాదన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ. లాభాలన్నిటికీ రైలే కారణమని మేము అనము. ధరలు, వర్షాలు కూడా తమ పాత్ర నిర్వహించే ఉంటాయి.

లాభాలు స్థిరపడినమీదట కృష్ణచంద్ర గజపతి కాలంలో ఈ దారిని 1929, 1931లలో రెండు దశలుగా వంశధార లోయ వెంట గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం దూరం సుమారు 90 కిలోమీటర్లు అయింది. కొండ దిగువ సంతల సరుకు దిగువకూ, తీరపు ఉప్పు ఎగువకూ పోవడానికి ఒకే దారి ఏర్పడింది. అయితే ఒక లోపం మిగిలింది. పట్టాల వెడల్పు వేరు కావడంవల్ల నౌపడలో ప్రతి బస్తానూ ఒక బండినుంచి దించి మరొక బండికి ఎక్కించవలసిందే. కళాసీలకు అది కూలి. వర్తకునికి అది అదనపు ఖర్చు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసులో ఉండిపోయాయి. దానికి సమ్మతించని గిడుగువారు రాజమహేంద్రవరం తరలిపోయారు. మిగిలిన తెలుగువారు ఎక్కడికీ వలస పోలేదు. సరిహద్దే వారిని దాటి వెళ్లింది. రైలుదారి మాత్రం చీలలేదు. నేటికీ పాతపట్నం స్టేషను బోర్డుమీద తెలుగు లిపి, ఆ పక్కనే ఉన్న పర్లాకిమిడి బోర్డుమీద ఒడియా లిపి కనిపిస్తాయి. లిపి మారినచోట బజారు మారలేదు. పరిపాలన విడదీసిన ఊళ్లను పూర్వపు పెట్టుబడి కలిపి ఉంచిందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

స్వాతంత్ర్యానంతరం ఈ మార్గం ఆగ్నేయ రైల్వేలోనూ, 2003లో తూర్పు తీర రైల్వేలోనూ భాగమైంది. పట్టాల వెడల్పు మార్చడానికి 2004లో చిన్న రైలును నిలిపివేశారు. పెద్ద రైలు పర్లాకిమిడికి 2010లోను, గుణుపురానికి 2011లోను వచ్చింది. ఆ మధ్యకాలమంతా ప్రయాణికులకు రోడ్డే శరణ్యమైంది. ప్రణాళికలలో నిర్మాణపు ఖర్చు లెక్కిస్తారు గాని, ఇటువంటి విరామకాలపు భారాన్ని అంత శ్రద్ధగా లెక్కించరు. ఆ భారం పడేది చిల్లర వర్తకునిపైన, చదువుకొనే పిల్లలపైన, వైద్యానికి పోయే రోగిపైన. మార్పు పూర్తయ్యాక మాత్రం నౌపడలో సరుకు మార్చే అవసరం తీరి, గుణుపురంనుంచి విశాఖపట్నానికీ, పూరీకీ నేరుగా రైళ్లు నడిచాయి.

2024 ఆగస్టులో గుణుపురంనుంచి తేరువలి వరకు సుమారు 73 కిలోమీటర్ల కొత్త మార్గానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే కొనఊరైన గుణుపురం నడిమి ఊరు అవుతుంది. అప్పుడు ఈ మార్గంమీద దూరపు సరుకు రవాణా పెరగవచ్చును. కాని దూరపు బండ్లకు దారి ఇచ్చే తొందరలో స్థానికంగా ఆగే బండ్లు తగ్గితే, సరిహద్దుకు ఇరువైపుల ఉన్న తెలుగు, ఒడియా, సవర కుటుంబాలకు శతాబ్దకాలంగా దక్కిన ప్రయోజనం సన్నగిల్లుతుంది. 1900లో పెట్టిన 7 లక్షలు ఫలించినది ఒక ఊరిని మరొక ఊరి సంతకు చేర్చడంలోనే. కొత్త ప్రణాళిక లెక్కలలో ఆ పద్దుకు కూడా చోటు ఉండాలని మా మనవి.