లేవిడి నుంచి 1/70 దాకా: రుజువు ఎవరు చెయ్యాలి?

నల్లకోటు వేసుకున్నప్పటి నుంచి మన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, 1/70 చట్టం ఉన్నా మన భూములు ఎందుకు తిరిగి రావట్లేదు?" ఒక్క ముక్కలో చెప్పేది కాదు. కానీ కోర్టులో ఏ తగువైనా తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తుంది: రుజువు ఎవరు చెయ్యాలి? మన చరిత్రని ఆ ప్రశ్న పట్టుకుని ఒకసారి చూద్దాం.

1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు చేతికి, అంటే కలెక్టరుకే, అప్పగించారు. మన మీద ప్రేమతో కాదు, కొండల్లో తిరుగుబాట్లు తట్టుకోలేక. 1917లో ఇంకో చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్లకి పోకూడదు, వడ్డీ ఏడాదికి 24 శాతం మించకూడదు అంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ భూమి షావుకారు చేతిలోకి వెళ్లాక, అది నాదేనని చూపించాల్సింది ఎవరు? చదువు రాని సవర రైతు, జాతాపు రైతు. వేలిముద్ర వేసిన కాగితం షావుకారు పెట్టెలో ఉంటే ఇతను ఏం చూపిస్తాడు?

వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు గిరిజన సంఘం కట్టింది ఈ పరిస్థితిలోనే. పాలేర్ల కూలి, వెట్టి, పోయిన భూములు, ఇవే వాళ్ల గొడవ. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. తుపాకీ గుళ్లకి కోరన్న, మంగన్న చనిపోయారు. 1968లో కోర్టు నిందితులను విడిచిపెట్టేసింది. క్రిమినల్ కేసులో నేరం రుజువు చేసే బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. ఆ సూత్రం మంచిదే, రేపు మన కుర్రాడి మీద తప్పుడు కేసు పెడితే కాపాడేదీ అదే. కానీ ఇద్దరు చనిపోయిన చోట ఒక్కరికీ శిక్ష పడకపోతే, కొండ మీద జనం కోర్టు గురించి ఏమనుకుంటారు? ఆ ఏడాది నవంబరులోనే సాయుధ పోరాటం మొదలైంది.

1970 ఫిబ్రవరి 3న 1/70 అమల్లోకి వచ్చింది. పోరాటం లేకపోతే అంత గట్టి చట్టం వచ్చేది కాదని నా నమ్మకం. అయిదు నెలలకి, జులై 10న, సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. ఎన్‌కౌంటర్ అన్నారు పోలీసులు.

ఈ చట్టం భారాన్ని తిరగేసింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ముందే అనుకోవాలి. కాదంటే అతనే రుజువు చేసుకోవాలి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు ముందుకేసి, చట్టంలోని "వ్యక్తి" అన్న మాటలోకి ప్రభుత్వమూ వస్తుంది, గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వకూడదు అంది.

మరి ఎక్కడ ఆగిపోతున్నాం? ఒకటి, 1970కి ముందే కొన్నామంటూ పాత కాగితాలు బయటికి తీస్తారు. అందుకే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ముందు ముందుగా చూడాల్సింది దస్తావేజు తేదీ. రెండోది ఇంకా పెద్దది. వంశధార కొండల్లోంచి దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా పారుతూనే ఉంటుంది, 1/70 మాత్రం షెడ్యూల్డ్ గ్రామాల జాబితా దగ్గరే ఆగిపోతుంది. మెళియాపుట్టి, మందస వైపు ఎన్నో సవర ఊళ్లు ఆ జాబితాలో లేవు. అక్కడ భూమి తగువు మామూలు సివిల్ దావాయే, రుజువు మళ్లీ మన నెత్తినే.

ఆ ఊళ్లలో అడవి భూమికి మాత్రం 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది, షెడ్యూల్డ్ ప్రాంతమా కాదా అన్నదానితో పని లేదు. దాని నియమాల్లో సాక్ష్యాలేంటో చూడండి: చేలో వేసిన గట్లు, పాత బావి, శ్మశానం, దేవత ఉండే చోటు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్ద చెప్పిన మాట రాసి పెట్టినా సాక్ష్యమే. ముసలివాళ్లు ఉండగానే ఆ మాటలు రాయించి, గ్రామసభలో పెట్టండి.