అక్కిరాజు ఉమాకాంతం: వీరగాథా పరిష్కర్త, కవిత్వ విమర్శకుడు

తెలుగు సాహిత్య విమర్శ చరిత్రలో అక్కిరాజు ఉమాకాంతం (1889-1942) పేరు సాధారణంగా ఒకే గ్రంథంతో ముడిపడి వినిపిస్తుంది. 1928లో వెలువడిన 'నేటికాలపు కవిత్వం' భావకవిత్వాన్ని అలంకారశాస్త్ర దృష్టితో నిరాకరించింది. అందువల్ల ఆయనను ఛాందసునిగా లెక్కగట్టి పక్కన పెట్టడం ఆనవాయితీ అయింది. అయితే శ్రీనాథకర్తృకమని ప్రసిద్ధి పొందిన 'పల్నాటి వీరచరిత్ర' ద్విపదను అంతకు పదిహేడేళ్ల ముందే, 1911లో, పరిష్కరించి ప్రకటించినవాడు ఈ పల్నాటి పండితుడే. ఈ రెండు కృషులను కలిపి చూసినప్పుడు ఛాందసుడన్న మాట చాలదు.

వీరచరిత్రను అచ్చువేయడం ఆనాటి పండిత మర్యాదకు అంత సహజమైన పని కాదు. ప్రౌఢకావ్యానికున్న గౌరవం ద్విపదకు లేదు. పైగా ఇది కారెంపూడి వీరుల గుడి ముందు మాల కులస్థులైన వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్న కథ. బ్రహ్మనాయుని చాపకూడు, ఆయన కొడుకుగా స్వీకరించిన మాల కన్నమదాసు ఈ గాథకు ప్రాణం. అటువంటి కథకు కావ్యగౌరవం కల్పించిన చేయే తరువాత 'ఎంకి పాటల'ను తూలనాడింది. వైరుధ్యం ఇక్కడే ఉంది.

'నేటికాలపు కవిత్వం' నిర్మాణం మీమాంసకుల అధికరణ పద్ధతి. ఒక్కొక్క అధికరణంలో ఆక్షేపం, దానికి సమాధానం నడుస్తాయి. శబ్దవాచ్యతపై ఆయన చేసిన చర్చ నేటికీ వాడి తగ్గనిది. ప్రేమను ప్రేమ అని, దుఃఖాన్ని దుఃఖమని పేరుపెట్టి చెప్పినంత మాత్రాన రసం నిష్పన్నం కాదు. మమ్మటుడు రసదోషాల్లో చెప్పిన ఈ విషయాన్ని సమకాలిక కవిత్వంపై ప్రయోగించడం సాహసమే. భావకవుల అనుచరుల్లో కనిపించిన పలవరింతను ఇంత సూటిగా పట్టుకున్నవారు అరుదు.

ఈ పట్టుదలకు మూలం వీరచరిత్రలో వెదకవచ్చు. యుద్ధానికి వెళ్లే ముందు బాలచంద్రుడు మాంచాలను చేరే ఘట్టంలో ఆమె అనురాగం మాటల్లో కాక, కత్తి చేతికిచ్చి భర్తను రణానికి సాగనంపడంలో వ్యక్తమవుతుంది. అక్కడ శృంగారం వీరానికి ఒదిగింది. చేష్టలో ధ్వనించే భావాన్ని చిన్ననాటి నుంచీ కథగా విన్న చెవికి బహిరంగ విలాపం రుచించకపోవడంలో వింత లేదు.

అయినా ఎంకి, నాయుడుబావల విషయంలో ఆయన తీర్పు నిలవదు. అధమపాత్రగతమైన శృంగారాన్ని రసాభాసగా గణించిన శాస్త్రనియమాన్ని ఆయన ఇక్కడ పరీక్షకు పెట్టలేదు, ప్రమాణంగా స్వీకరించాడు. వీరరసంలో కన్నమదాసుకు అడ్డురాని కులవృత్తి నియమం శృంగారంలో పల్లెటూరి యువతికి ఎందుకు అడ్డురావాలన్న ప్రశ్నకు ఆయన సమాధానాలలో జవాబు లేదు. ఆక్షేపకుని నోట అనేక వాదాలు పలికించిన ఉమాకాంతం ఈ ఒక్క ఆక్షేపాన్ని పలికించి ఉంటే గ్రంథం మరోలా ఉండేది.

1982లో జీన్ రోఘేర్ ఆలిసెట్టి గాలెయ్య గానం ఆధారంగా మౌఖిక పాఠాన్ని ఆంగ్లంలో ప్రకటించిన తరువాత, ఉమాకాంతం ముద్రించిన ద్విపదను గాయకుల కథతో పోల్చే వీలు ఏర్పడింది. పరిష్కర్తగా ఆయన ఎంపికలను, విమర్శకునిగా ఆయన అభిరుచిని ఒకే చోట పరిశీలించడానికి ఆ రెండు పాఠాలే తగిన సామగ్రి.