వెంట్రుకలతో మొదలైన దువ్వెన

ఫిలడెల్ఫియాలో ఓ పెద్దమనిషి ఒకనాటి సాయంత్రం పూట వాకిట్లో కూర్చుని, జేబులోంచి పట్టు రుమాలు తీసి, కళ్లకు అడ్డంగా సాగదీసి వీధి దీపాన్ని చూశాడు. దారాలు లావుపాటి తీగల్లా కనబడ్డాయి. రుమాలు అటూ ఇటూ జరిపినా ఆ తీగలు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు! ఆయన పేరు ఫ్రాన్సిస్ హాప్కిన్సన్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం కూడా ఉంది. ఇదేం చోద్యమని 1785లో మిత్రుడు డేవిడ్ రిటన్‌హౌస్‌కి ఉత్తరం రాశాడు.

ఇది చదివాక ఊరుకోలేక నేనూ పల్చటి పట్టు కండువా అడ్డం పెట్టుకుని వీధి దీపం చూశాను. ఒక్క దీపం శిలువలా పరుచుకుని, అంచుల్లో రంగులు పూసింది.

రిటన్‌హౌస్ స్వయానా గడియారాలు చేసినవాడు. రెండు సన్నటి ఇత్తడి తీగల మీద అంగుళానికి 106 మరలు కోయించాడు. ఆ గాళ్లలో యాభై అరవై వెంట్రుకలు వరసగా పరిచాడు. అరంగుళం చదరం! దాంట్లోంచి కిటికీ సందు వెలుగు చూస్తే నడుమ తెల్లటి గీత, అటూ ఇటూ రంగుల గీతలు. పట్టకంలో నీలం ఎక్కువ వంగుతుంది. ఇక్కడ ఎరుపు ఎక్కువ వంగింది. అంత చూసిన మనిషి పనుల ఒత్తిడిలో దాన్ని పక్కన పెట్టేశాడు. 1792లో దేశపు తొలి టంకశాల అధిపతి అయ్యాడు. నాణేలకు లాభమేమో గానీ వెలుగుకు నష్టమే.

అంతకు వందేళ్ల ముందే జేమ్స్ గ్రెగరీ పక్షి ఈకలోంచి ఎండను పోనిచ్చి రంగులు చూశాడు. 1821లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ వెంట్రుకల బదులు తీగలు చుట్టి, ఏ రంగు ఎంత వంగుతుందో లెక్క తేల్చాడు. 1880లలో బాల్టిమోర్‌లో హెన్రీ రోలండ్ వజ్రపు మొనతో లోహపు పలక మీద అంగుళానికి 14,438 గీతలు గీయించాడు. గది వేడి కాస్త మారినా గీత తప్పుతుందని యంత్రాన్ని నేలమాళిగలో పెట్టాడు. ఆ పలకల్ని ఖర్చు ధరకే ప్రపంచానికి అమ్మాడు. చనిపోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఆ గది గోడలోనే ఉంచారు. పనిముట్టును అంతగా ప్రేమించిన మనిషిని నేనింకొకణ్ని ఎరగను.

తరవాతి వందేళ్లు గబగబా దాటేస్తాను. రంగుల్ని విడదీయడం అయ్యింది, వాటి ఊపుల్ని లెక్కపెట్టడం మిగిలింది. పసుపు వెలుగు సెకనుకు 500 లక్షల కోట్ల సార్లకు పైగా ఊగుతుంది. అంత వేగాన్ని ఏ ఎలక్ట్రానిక్ మీటరూ నేరుగా లెక్కపెట్టలేదు. సమాన దూరాల్లో నిలిచిన వందల వేల రంగుల్ని కొలబద్దగా వాడే పద్ధతికి జాన్ హాల్, థియొడోర్ హెన్ష్‌లకు 2005లో నోబెల్‌లో వాటా దక్కింది. దాని పేరు ఫ్రీక్వెన్సీ దువ్వెన. మొదట్లో దానికో బల్లంత చోటు కావలసి వచ్చేది.

2007లో మ్యూనిక్ దగ్గరి గార్షింగ్‌లో ఆ దువ్వెన సిలికాన్ చిప్ మీది గాజు వలయంలోకి దిగింది. గాజు పళ్లెం అంచును లేజర్‌తో కరిగిస్తే, నీటిబొట్టులా తనకు తానే గుండ్రమై అద్దంలా నున్నబడుతుంది. అందులో ఒకే రంగు లేజర్ వెలుగు తిరిగి తిరిగి కిక్కిరిసి, గాజు చలవతో దువ్వెన పళ్లలా కొత్త రంగులుగా చీలుతుంది.

ఇంత నున్నదనం ఏ చెయ్యీ సాధించలేనిదే. కానీ మరలు కోయించిన గడియారాలవాడి వేలిగుర్తు, గది వేడిని కాచుకుని కూర్చున్న ఓపిక ఇందులో కనబడవు. ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ వలయం అడ్డుకొలత 75 మైక్రాన్లు. అంటే, దాదాపు ఒక వెంట్రుక మందం.