పలక మార్చిన రాత్రి

మార్కాపురంలో పుట్టినవాడికి పలక సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తుడిచిన అక్షరం తిరిగి రాదు. 2008 వేసవిలో ఒక రాత్రి ఈ చిన్ననాటి పాఠం నాకు గట్టిగా గుర్తుకు వచ్చింది.

మా పెదనాన్నగారు పలకల కర్మాగారంలో లెక్కలు వ్రాసేవారు. గని రాతిని పొరలుగా చీల్చటం, నునుపు చేయటం, కర్రచట్రం బిగించటం, 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లానుండి విడివడి ప్రకాశంలో కలిసిన నాటి ముచ్చట్లు, అన్నీ ఆయన చెబుతుంటే 2003లో నేను టైపు చేశాను. గౌతమి ఖతి విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చినా, సీడీ పెట్టి ఇండిక్ సదుపాయాన్ని చేర్చుకోవాలని అప్పట్లో మనలో ఎందరికి తెలుసు! నేను వాడినది డీటీపీవారి ఖతి. ఆ ఖతి లేని యంత్రంలో మా పెదనాన్న మాటలన్నీ అర్థంలేని రోమను గుర్తులే. దాని సీడీ బూజుపట్టిపోయింది. కనుక 40 గిగాబైట్ల హార్డుడిస్కు టక్కుటక్కుమనసాగినపుడు దస్త్రాలను దాచుకుంటే చాలదు. నిర్వహణ వ్యవస్థను ఉన్నదున్నట్టుగా కొత్త డిస్కుకు తరలించాలి.

మొదట సీ డ్రైవులోని ఫైళ్ళన్నీ లాగి కొత్తదానిలో పడవేశాను. కొన్ని వాడుకలో ఉన్నాయంటూ రాలేదు. వచ్చినవాటితో యంత్రం లేవనూ లేదు.

ఎందుకు లేవలేదో తెలియాలంటే 1983కు వెళ్ళాలి. ఆ ఏడు మార్చిలో ఐబీఎం వారి పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో, డాస్ 2.0తో వచ్చింది. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బూటు కోడుకు, 64 నాలుగు విభాగాల పట్టికకు, చివరి రెండు గుర్తుకు. మీట నొక్కగానే బయాస్ దీనిని చదువుతుంది. ఇది క్రియాశీల విభాగపు తొలి సెక్టారును పిలుస్తుంది. ఎక్స్‌పీలో అయితే అది ఎన్‌టీఎల్‌డీఆర్‌ను లేపుతుంది. ఆ తొలి సెక్టార్లు ఫైళ్ళు కావు, లాగితే వచ్చేందుకు! డాస్ కాలంలో కొంత పని సిస్ అనే ఆజ్ఞ చేసిపెట్టేది. 1990లలో న్యూజిలాండులో పుట్టి 1998లో సిమాంటెక్ చేతికి వచ్చిన ఘోస్టు డిస్కునంతా ప్రతిబింబంగా దించేది. నా దగ్గర అది లేదు. లినక్సు సీడీ ఒకటి ఉంది, అందులో 1970ల యూనిక్సునాటి డీడీ ఆజ్ఞ ఉంది.

కొత్త డిస్కు 160 గిగాబైట్లది. సెక్టారు చిరునామాను 28 బిట్లలో వ్రాసే పాత పద్ధతికి 137 దాటితే చూపు ఆనదు. 2002నాటి సర్వీసు ప్యాకు 1తోనే ఎక్స్‌పీ ఆ గీత దాటింది గనుక ఆ బెంగ లేదు. అసలు బెంగ డీడీతోనే. ఐఎఫ్ అంటే ఎక్కడినుండి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. హెచ్‌డీఏ, హెచ్‌డీబీ అన్న రెండు పేర్లలో ఒక్క అక్షరమే తేడా. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచేస్తుంది, అదీ ఒక్క ప్రశ్నయినా వేయకుండా. డిస్కుల పరిమాణాలను మూడుసార్లు సరిచూసుకుని ఎంటరు నొక్కాను.

డీడీ మౌనవ్రతం మీకు తెలిసిందే. తెరపై ఏమీ కదలదు. పెదనాన్నగారు కుర్చీలో కునుకుతూ, "ఏందిరా, ఈ పలకమీది రాత ఆ పలకమీద దించటానికి ఇంతసేపా?" అన్నారు.

"మీరు పడుకోండి పెదనాన్నా, అయ్యాక లేపుతా," అన్నాను. ఆయన లేవలేదు.

అయ్యాక మరొక గండం. ఆ 446 బైట్ల కొసన విండోస్ నాలుగు బైట్ల సంతకం పెడుతుంది. డ్రైవులకు ఏ అక్షరమో దానినిబట్టి గుర్తుపెట్టుకుంటుంది. డీడీ ఆ సంతకాన్నీ దించేసింది. ఒకే సంతకంతో రెండు డిస్కులూ ఉండగా ఎక్స్‌పీ లేస్తే ఒకదాని సంతకం మార్చేస్తుంది, అక్షరాలు గల్లంతవుతాయి. కనుక పాతదాని తీగలు పీకి, జంపరు మార్చి, కొత్తదానినొక్కదానినే ఉంచి మీట నొక్కాను. అదే యంత్రం కనుక డ్రైవర్ల పేచీ రాలేదు. ఎక్స్‌పీ లేచింది. మిగిలిన 120 గిగాబైట్లను తరువాత వేరే విభాగం చేసుకున్నాను.

దస్త్రం తెరిచాను. తెలుగు తెలుగుగానే ఉంది. పెదనాన్నగారు కళ్ళజోడు తెచ్చుకుని, తెరకు ముఖం ఆనించి చదివి, మూడవ పుటలో నేను చేసిన తప్పు ఒకటి పట్టుకున్నారు.