రౌతు టోపీ: లక్క నుంచి థర్మోకోల్ దాకా

లండన్‌లో సెయింట్ జేమ్స్ వీధిలోని లాక్ అండ్ కంపెనీ టోపీల దుకాణానికి 1849లో ఎడ్వర్డ్ కోక్ అనే దొర వచ్చాడు. తాను పురమాయించిన టోపీని నేల మీద పెట్టి బూటుకాలితో రెండుసార్లు తొక్కాడనీ, సొట్టపడలేదు గనక 12 షిల్లింగులు ఇచ్చి పట్టుకుపోయాడనీ చెప్పుకుంటారు. ఆ టోపీ ఎస్టేటు అడవిని కాపలా కాసే మనుషుల కోసం. వాళ్ళు గుర్రాల మీద తిరుగుతుంటే కిందికి వాలిన కొమ్మలు ఎత్తు టోపీలను పడగొట్టేవి. థామస్, విలియం బౌలర్ అనే పనివాళ్ళు ఫెల్టుకు లక్క పట్టించి, గుండ్రంగా, గట్టిగా దీన్ని తయారుచేశారు.

తొక్కినా చెక్కుచెదరకపోవడమే అప్పట్లో మంచి టోపీకి పరీక్ష. ఇవాళ్టి రౌతు హెల్మెట్‌కు పరీక్ష పూర్తిగా తిరగబడింది. దెబ్బ తగలగానే అది లోలోపల నలిగిపోవాలి. పాత హెల్మెట్‌ను ఏం చెయ్యాలన్న చిక్కు ఈ మలుపులోనే పుట్టింది.

అంతకుముందు ఈ చిక్కు లేదు. వేటకు వెళ్ళేవాళ్ళ మఖమలు టోపీలు లక్క పట్టించిన గుడ్డను పొరలుగా అంటించి చేసినవి. వేడి తగిలిస్తే లక్క మెత్తబడుతుంది కాబట్టి వంకర పోయినదాన్ని మళ్ళీ సరిచేయవచ్చు. తండ్రి టోపీ కొడుక్కి వచ్చేది. మన దేశంలో బ్రిటిష్ వాళ్ళు ఎండలో పెట్టుకు తిరిగిన తేలికపాటి టోపీలైతే జీలుగ బెండువి. మన పెళ్ళిళ్ళలో బాసికాలు చేసే బెండే అది. చెరువుల్లో, పల్లపు నేలల్లో పెరిగిన మొక్క, పని తీరాక మళ్ళీ మట్టిలోనే కలిసిపోయేది.

కానీ ఆ టోపీలు కొమ్మలను ఆపాయి గానీ చావును ఆపలేదు. 1923లో సార్జంట్ మర్ఫీ అనే గుర్రం మీద గ్రాండ్ నేషనల్ పందెం గెలిచిన కెప్టెన్ బెనెట్, ఆ ఏడాది చివర్లోనే వుల్వర్‌హాంప్టన్ పందెంలో కిందపడ్డాడు. గుర్రపు డెక్క తలకు తగిలింది. 1924 జనవరిలో కన్నుమూశాడు. కంచెలు దూకే పందేల్లో జాకీలందరూ గట్టి టోపీ పెట్టుకోవాలన్న నియమం బ్రిటన్‌లో ఆ మరణం తర్వాత వచ్చిందే.

గట్టిదనం ఒక్కటే చాలదని తేలడానికి ఇంకో ముప్పై ఏళ్ళు దాదాపుగా పట్టింది. అమెరికాలో రాత్, లాంబార్డ్ అనే ఇద్దరు, దెబ్బ శక్తిని తనలోకి తీసుకుని నలిగిపోయే లోపలి పొర ఉన్న హెల్మెట్‌కు 1953లో పేటెంట్ పొందారు. దాదాపు ఆ కాలంలోనే జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ, మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థాన్ని తయారుచేసింది. అందులో నూటికి 98 పాళ్ళు గాలే. తల నేలకు కొట్టుకున్నప్పుడు ఆ బుడగలు చితికి, తల ఆగడానికి సెకనులో కొన్ని వేలవ వంతుల వ్యవధిని అదనంగా ఇస్తాయి. మెదడుకు ఆ కాస్త వ్యవధే ప్రాణం. మలక్‌పేట రేసుల్లో జాకీ తల మీది రంగు గుడ్డ కింద ఉండేదీ ఇలాంటి రక్షణే.

చితికిన బుడగ మళ్ళీ ఉబ్బదు. పై చిప్ప మీద గీత కూడా పడకపోవచ్చు, మఖమలు నిగనిగలాడుతూనే ఉండవచ్చు. అయినా ఆ చోట రక్షణ అయిపోయినట్టే. పడకపోయినా చెమట, ఎండ, కారు డిక్కీలోని వేడి దాన్ని తినేస్తుంటాయి. అందుకే హెల్మెట్లను పరీక్షించే స్నెల్ ఫౌండేషన్ అయిదేళ్ళకోసారి మార్చమంటుంది. వాడేసిన హెల్మెట్‌ను పేదపిల్లలకో, గుర్రపు స్వారీ బడికో దానం చెయ్యడం నాకు మంచిపనిగా తోచదు. పడిన చరిత్ర తెలియని హెల్మెట్ ఆ పిల్లల తలకు లేనిపోని ధైర్యం ఇస్తుంది.

పారేసేముందు గడ్డం పట్టీని కత్తెరతో తెంపేయాలి, చిప్ప మీద చెరగని సిరాతో ‘పనికిరాదు’ అని రాయాలి. లేకపోతే చెత్తకుండీలోంచి ఎవరో ఏరుకుని తలకు పెట్టుకుంటారు. ఇంకా వాడుకోవాలంటే రెండు దారులు నాకు నచ్చుతాయి. ఒకటి, నిలువునా కోసి, నలిగిన పొరను పిల్లలకు చూపించడం. ఏ ఉపన్యాసం కంటే అది బాగా పనిచేస్తుంది. రెండోది ప్రథమ చికిత్స శిక్షణ. కిందపడ్డ మనిషి మెడ కదలకుండా హెల్మెట్ తియ్యడం నేర్చుకోవడానికి పట్టీ తెంపని పాతది కావాలి. అలాంటిదాని మీద మాత్రం రాత మరీ పెద్దదిగా ఉండాలి. అడుగున చిల్లులు పెట్టి పూలమొక్క వేలాడదీసేవాళ్ళూ ఉన్నారు, మంచిదే. తగలబెట్టడం మాత్రం కూడదు, థర్మోకోల్ నల్లటి విషపు పొగ కక్కుతుంది.

కరిగించి మళ్ళీ వాడటం అంత తేలిక కాదు. ప్లాస్టిక్ చిప్పా థర్మోకోలూ విడివిడిగా ఉంటే దేనికది కరుగుతుంది. బంకతో అతికిస్తే రెండూ పాడే. ఫైబర్‌గ్లాస్ చిప్ప అసలు కరగదు. రక్షణ పెరిగే కొద్దీ పొరలూ పెరుగుతున్నాయి. తల మెలితిరిగే దెబ్బను తగ్గించే మిప్స్ పొర, స్వీడన్ పరిశోధకుల చేతిలో రూపుదిద్దుకుని 2007లో మొదట అమ్మకానికి వచ్చింది గుర్రపు స్వారీ హెల్మెట్‌లోనే. 2021 నుంచి అంతర్జాతీయ డ్రెసాజ్ (గుర్రపు నడక విన్యాసాల) పోటీల్లో ఎత్తు టోపీలకూ చోటు లేదు, అందరికీ హెల్మెటే. అది సంతోషించాల్సిన మార్పు. అయితే అలా అమ్ముడయ్యే ప్రతి హెల్మెటూ కొన్నేళ్ళకే చెత్త కావలసిందే. కొన్ని కంపెనీలు పడిన హెల్మెట్‌ను వెనక్కి తీసుకుని కొత్తదాని ధర తగ్గిస్తున్నాయి. ఆ సదుపాయం పడనివాటికీ, అయిదేళ్ళు నిండినవాటికీ ఇవ్వాలి. చిప్పనూ లోపలి పొరనూ బంకతో కాకుండా ఊడదీయగలిగే క్లిప్పులతో బిగించే పని తయారీదార్లే మొదలుపెట్టాలి.