ఆకులు ఎర్రబడేది ఎప్పుడు?

మూడేళ్ల కిందట అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు అక్టోబర్ రెండో వారాంతానికి న్యూ హాంప్‌షైర్ కొండలకి తీసుకెళ్లాను, ఆకుల రంగులు చూపిద్దామని. నెట్లో మ్యాపు చూసి మరీ! తీరా వెళ్తే సగం చెట్లు బోడిగా నిలబడి ఉన్నాయి. "ఈ వారమేనని నీకెవర్రా చెప్పింది?" అన్నారు నాన్న. అసలు ఈ జోస్యం ఎవరు, ఎలా చెప్తారో చూద్దామని అప్పుడే మొదలుపెట్టాను.

వెతుకుతూ పోతే హెన్రీ డేవిడ్ థోరో తగిలాడు. 'వాల్డెన్' రాసినాయనే. మసాచుసెట్స్‌లోని కాంకర్డ్ ఆయన ఊరు. 1850లలో అక్కడ ఏ మొక్క ఏ రోజు చిగురించింది, ఏది పూసింది అని ఏళ్ల తరబడి రాసుకున్నాడు. ఆకుల రంగుల మీద ఆయన వ్యాసం 1862 అక్టోబర్‌లో 'అట్లాంటిక్' పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన పోయి ఐదు నెలలు. అందులో రెడ్ మేపుల్‌కి సెప్టెంబర్ 25 ప్రాంతం, స్కార్లెట్ ఓక్‌కి అక్టోబర్ 26 ప్రాంతం అని చెట్టు చెట్టుకీ ఓ తేదీ ఉంటుంది. అంటే ఒకే ఊళ్లో రెండు చెట్ల మధ్య నెల తేడా అన్నమాట!

మరి ఏటా అవే తేదీలు ఎందుకు రావు? పగలు తగ్గుతుంటే ఆకులో పచ్చదనాన్నిచ్చే క్లోరోఫిల్ విరిగిపోతుంది. పసుపు రంగు ముందునుంచీ లోపల ఉన్నదే, అది బయటపడుతుంది. మేపుల్‌లో ఎరుపు మాత్రం అప్పుడు కొత్తగా తయారవుతుంది. దానికి ఎండ కాసే పగళ్లు, గడ్డకట్టనంత చల్లటి రాత్రులు కావాలి. పగలు తగ్గడం ఏటా ఒకేలా ఉంటుంది గానీ వేడి, వానలు అలా ఉండవు కదా. తేదీని అటూ ఇటూ జరిపేది అవే.

ఈ లెక్క తేలాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. అదే రాష్ట్రంలో పీటర్‌షామ్ దగ్గర హార్వర్డ్ ఫారెస్ట్ ఉంది. అక్కడ జాన్ ఓకీఫ్ అనే ఆయన 1990లో మొదలుపెట్టి, గుర్తు పెట్టుకున్న చెట్ల దగ్గరికే మళ్లీ మళ్లీ నడిచి వెళ్లి, ఎన్ని ఆకులు రంగు తిరిగాయో కంటితో అంచనా వేసి రాశారు. 1993 నుంచి 2010 దాకా అలా రాసిన 18 ఏళ్ల లెక్కలతో 2013లో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. వాతావరణానికి ఒక్కో జాతి ఒక్కోలా స్పందిస్తుందనీ, వేడి పెరిగేకొద్దీ చాలా జాతులు ఆలస్యంగా రంగు తిరుగుతాయనీ తేలింది.

నా తప్పు అప్పుడర్థమైంది. మ్యాపు ఒక జిల్లా మొత్తానికి ఒకే రంగు పూస్తుంది. అది సగటు. సగటుని తేదీ అనుకుని బయల్దేరాను, పైగా కొండమీదికి. కింద ఊళ్లకంటే అక్కడ ఆకులు ముందే రాలతాయి.

ఆ ఏడాది నుంచీ మా ఇంటి ముందు మేపుల్ రంగు తిరిగిన రోజు ఎక్సెల్ షీట్లో రాస్తున్నాను. ఇప్పటికి మూడు వరసలయ్యాయి. పద్దెనిమిది కావాలంటే ఇంకా పదిహేనేళ్లు! ఈలోగా నాన్న మళ్లీ వస్తానంటే మాత్రం సెప్టెంబర్ ఆఖరుకే రమ్మంటాను.