మాట వెనుక కథ: పొదుగు

సరూర్‌నగర్ చెరువు పరిసరములందు, మేడల నడుమ నింకను పెరడు మిగిలిన యిండ్లలో, తట్టలోని గడ్డిపై ఈకలు నిక్కించి రెక్కలు పఱచికొని, చేయి చాచినవారిని పొడువవచ్చు పెట్టను జూచి ‘పొదుగుకు వచ్చినది’ అందురు. పొదుగుట యనగా కప్పుట, అక్కున జేర్చుట. ‘పొదువుకొనుట’ దీని తోబుట్టువు. కప్పుట యర్థముగా గల తమిళమందలి ‘పొది’, కన్నడమందలి ‘హొది’ దీనికి చుట్టములు. కంసాలి ఉంగరమున కెంపును బిగించుటయు పొదుగుటయే. ఎంత చక్కని పలుకుబడి!

పొదుగుకు కూర్చున్న పెట్ట, ప్రోలాక్టిన్ అను రసము ప్రకోపించుటచే, గ్రుడ్లు పెట్టుట మానివేయును. పిల్లలు కావలెనన్న పది పండ్రెండు గ్రుడ్లుంచి, దాపున నీరు నూకలు పెట్టి, ఇరువదియొక్క దినములు దానిని కలతపెట్టరాదు. పిల్లలు వలదనుకొన్నచో, పొదుగు మాన్పుటకు పెట్టను నీట ముంచుట క్రూరము. క్రిందినుండి గాలి తగులు తీగల పంజరమున, మేతకు నీటికి లోపము రానీక, మూడు నాలుగు దినములుంచిన చాలును.

రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు పొదుగుట అరుదు. కావున పెరటి కోళ్లు పెంచువారు, ఎన్ని మేలుజాతులున్నను, పొదుగ నేర్చిన నాటుపెట్ట నొక్కదానినైన నిలుపుకొనవలెను.